మంచు మీద మందిరం

పెన్నిమన్ కోవ్, మేన్
జనవరి 11, 1926

ఫీనా చెల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. నేను బోస్టన్‌లో లేను. మన ఊళ్లో ఉన్నాను! హల్డా ఇంట్లో అద్దెకు తీసుకున్న మేడగదిలో మూడు కంబళ్లు కప్పుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని, పదేళ్ల పిల్లలా గంతులేస్తున్నాను. అరవై మూడేళ్లొచ్చాక జనవరిలో మేన్ ఏమిటని మా డ్రైవరు కూడా మొహం అదోలా పెట్టాడు. పెట్టుకోనీ.

సంగతి చెబుతాను. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ పాయింటు మీద మన పాత ప్రార్థన మందిరం ఉంది కదా, నాన్న గొంతెత్తి పాడితే కిటికీలు అదిరేవి, అదే. ఆ నేలంతా ఏదో హోటలు కంపెనీ కొనేసింది. మందిరం పడగొట్టి అక్కడ టెన్నిసు ఆడుకుంటారట! నూట ముప్పయ్యేళ్ల కట్టడం, గొడ్డలితో చెక్కిన దూలాలు, మన ముత్తాత చెయ్యి పడ్డ గోడలు! ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. మర్నాడే వాళ్ల ఆఫీసుకి వెళ్లి కూర్చున్నాను. "మీకు కావలసింది నేలే కదా, కట్టడం నాకిచ్చేయండి" అన్నాను. "మార్చి ఆఖరులోగా తీసుకుపోతే మీది. లేకపోతే పొయ్యిలోకే" అన్నారు.

మరి ఎలా తేవాలి? రోడ్డున తేవాలంటే వంతెన ఇరుకు. ఊడదీసి మళ్లీ కడితే అది మందిరం కాదు, కలప. అందుకని మంచు మీదుగా తెస్తాను! ఊరికీ పాయింటుకీ మధ్యనున్న సముద్రపు పాయ, మన కోవ్, అంతా రాయిలా గడ్డకట్టింది. కింద స్ప్రూస్ చెట్ల దుంగలతో జారుబండి కట్టి, పాయింటు నుంచి ఊరి ఒడ్డుకి మందిరాన్ని మందిరంగానే లాక్కొచ్చేస్తాం. చిన్నప్పుడు పీబాడీల ఇల్లు అలాగే దాటింది, గుర్తుందా? పొగగొట్టంలోంచి పిల్లి దూకింది కూడా!

పోర్ట్‌లాండ్ నుంచి క్రోనిన్ అనే కంట్రాక్టరునీ అతని మనుషుల్నీ పిలిపించాను. బరువు తగ్గాలి కనుక లోపల కుటుంబాలు కూర్చునే చెక్క గడులన్నీ అప్పుడే తీయించేశాను. ఎంత జాగ్రత్తగా అనుకున్నావు! ప్రతి చెక్కకీ నంబరు వేయించాను, ప్రతి తలుపుకీ నా సొంత ఉన్ని దుప్పటి చుట్టించాను. చలికాలం జనం ఎలాగూ బడిలోనే ప్రార్థన చేసుకుంటారు కనుక ఇంకా ఎవరికీ తెలియదు. ఆదివారం నేనే లేచి చెబుతాను. వాళ్ల మొహాలు చూడాలి!

కోటు అందిందా? నల్ల బొచ్చుది. ఈసారైనా వేసుకోవే, ఎవరికో ఇచ్చేయకు.

నీ అక్క
ఆగస్టా


వూస్టర్, మసాచుసెట్స్
జనవరి 16

అక్కా,

కూర్చునే చదివాను. కూర్చోవడానికి నాకు దొరికేది బంగాళదుంపలు తొక్కతీసే వేళే. వైరు మిల్లులో పనిచేసే ఆడవాళ్లు పదకొండు మంది నా ఇంట్లో అద్దెకుంటున్నారని నీకు తెలుసు. వాళ్ల ఆకలి మాత్రం ఇరవై రెండు మందిది.

కోటు అందింది. చాలా గొప్పగా ఉంది. అంత కోటు వేసుకుని దుంపలు తొక్కతీస్తే బాగుండదు కదా, మిసెస్ లుండ్‌కి ఇచ్చేశాను. పాపం, చీకటితో లేచి మిల్లుకి నడిచిపోతుంది. కోపం తెచ్చుకోకు.

మందిరం మాట చదివి కళ్లు చెమర్చాయి. నువ్వు తప్ప ఇలాంటి పనికి పూనుకునే మనిషి ఈ దేశంలో ఇంకొకరు లేరు. కానీ ఒక్కటి అడుగుతాను. గడులు తీయించేముందు ఎవర్ని అడిగావు?

మందిరం కంపెనీ చేతికి పోయింది, నీకిచ్చింది, సరే. గడులు కంపెనీవీ కావు, ఊరివీ కావు. ఒక్కో గడి ఒక్కో కుటుంబానిది, తాతనుంచి మనవడికి వచ్చినది. నడుమెత్తు చెక్క గోడలు, ఆ చిన్న తలుపు, లోపలి బల్ల, అదంతా వాళ్ల ఇంట్లో ఒక గది కింద లెక్క. పాస్టరుగారు కూడా తలుపు తట్టకుండా లోపల అడుగు పెట్టేవారు కాదు. ఏసా బీల్ వాళ్ల నాన్న పోయినప్పుడు ఆ గడి తలుపు ఏడాదిపాటు మూసే ఉంచారు. జనం కిక్కిరిసి గోడకి ఆనుకుని నిలబడ్డారు గానీ ఒక్కరూ ఆ గడియ తీయలేదు. మర్చిపోయావా? నువ్వేమో ఎవరో పరాయి మనుషుల చేత అందరి ఇళ్లలో దూరి సామాను బయట పెట్టించావు. దుప్పటి చుట్టి పెట్టించావు, అంతే తేడా.

ఇంకోటి. ముందు వరుసలో కిటికీ పక్క గడి నాన్నది. నీ పెళ్లయి నువ్వు వెళ్లిపోయాక, "నా దగ్గరున్నది నువ్వు, గడి నీది" అన్నాడు నాన్న నాతో. నేను ఊరొదిలి ఇన్నేళ్లయినా అది నాదే. నన్ను అడిగావా?

ఫీనా


పెన్నిమన్ కోవ్
జనవరి 24

ఫీనా,

నీ నోట ఏముందే తల్లీ, అన్నంత పనీ అయింది!

ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి గొప్పగా చెప్పాను. చప్పట్లు కొడతారనుకున్నాను. ఒక్క చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. ఏసా బీల్ మాత్రం లేచి నిలబడ్డాడు. వాడు అప్పట్లో మన వెనక వరుసలో కూర్చుని నా జడ లాగేవాడు, ఇప్పుడు తెల్ల గడ్డం.

"మా గడి ఎక్కడుందమ్మా ఇప్పుడు?" అన్నాడు.

"భద్రంగా ఉంది ఏసా. పాత చేపల కొట్టంలో, దుప్పటి చుట్టించి పెట్టాను."

"మా నాన్న శవాన్ని కూడా మేము చేపల కొట్టంలో పెట్టలేదు" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వాడి వెనకే అందరూ.

అప్పట్నించి ఊరంతా నాతో మాటలు బంద్. పాలావిడ సీసా గేటు దగ్గరే పెట్టి పోతోంది. హల్డా అద్దె పుచ్చుకుంది కనుక భోజనం పెడుతోంది గానీ తలెత్తి చూడదు. పైగా క్రోనిన్ వెళ్లిపోయాడు! "కోవ్ మధ్యలో ప్రవాహం ఉంది, ఏ చోట మంచు పలచనో నాకు తెలియదు. ఊరివాళ్లు దగ్గరుండి చూపిస్తే కదుపుతాను, లేకపోతే నా మనుషుల్ని చంపుకోలేను" అన్నాడు. అతన్ని అనడానికి లేదు. జారుబండి కట్టి, మందిరాన్ని దాని మీదికి ఎక్కించి, దణ్ణం పెట్టి పోయాడు.

ఊరివాళ్లకి రెండింతల కూలి ఇస్తానన్నాను. మూడింతలన్నాను! "గస్సీ, ఆ డబ్బు కోవ్‌లో వెయ్యి, చేపలు తింటాయేమో చూద్దాం" అన్నాడు ఏసా. గస్సీ అట, చిన్నప్పటి ముద్దుపేరు! నలభై ఏళ్ల తర్వాత!

నేనేం పాపం చేశానే? నా కోసమా ఇదంతా? వాళ్ల తాతలు కట్టినదే కదా! ఒళ్లు మండిపోతోంది. నిన్న హోటలు మనిషి వచ్చి ఏ గోడ ముందు కూలగొట్టాలో సుద్దతో గీతలు గీసి పోయాడు. లోపలికెళ్లి చూశాను. గడులు లేక బోసిగా, ఒంటి మీద గీతలతో, సంతలో పశువులా నిలబడి ఉంది. చూడలేక వచ్చేశాను. మార్చి మొదటి వారం దాటితే మంచు నిలవదని హల్డా గోడతో చెప్పింది, నాకు వినపడేలా.

నాకు దారి తోచడం లేదు. తిట్టు, కానీ ఏం చేయాలో చెప్పు.

ఆగస్టా


వూస్టర్
జనవరి 29

అక్కా,

తిట్టమన్నావు కనుక తిడతాను. ఇన్నాళ్లకి వచ్చింది అవకాశం, ఎందుకు వదులుకోవాలి?

ఊరికి పాలరాతి తొట్టి ఇచ్చావు, గుర్రాలు నీళ్లు తాగడానికి. బావగారి పేరు కూడా చెక్కించావు. ఎక్కడ పెట్టించావు? ఈశాన్యపు గాలి తిన్నగా కొట్టే మూలన! ఇంతవరకూ ఒక్క గుర్రం అందులో మూతి పెట్టలేదు. వేసవిలో హల్డా అందులో ఉల్లికాడలు పెంచుతోందట. ఎక్కడ పెట్టాలో అడిగి ఉంటే ఊళ్లో ఎవరైనా చెప్పేవారు. ఆసుపత్రి వార్డు, అనాథ పిల్లల బడి, కూలిపోకుండా నువ్వు నిలబెట్టిన ఆ పాత ఇళ్లు, వాటికి మనసారా దణ్ణం పెడతాను. కానీ ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కిందే ఉంటుంది. నీ చెయ్యి ఒక్కసారైనా కిందికి దిగిందా?

నా సంగతే చూడు. మా ఆయన పోయిన ఏడు నా ఇంటికి వచ్చావు. నాకు శ్రమ ఎందుకని నీ భోజనం నువ్వే బుట్టలో తెచ్చుకున్నావు. ఫ్లాస్కులో టీ కూడా! నేను తెల్లారకుండా లేచి నీ కోసం కోడి వండి పెట్టాను అక్కా. నువ్వు బుట్ట తెరిచాక ఇక ఆ కోడి మాట ఎత్తలేదు. అద్దెకున్నవాళ్లు తిన్నారు. నువ్వెళ్లాక ఏడ్చాను. ఇన్నాళ్లు కడుపులో పెట్టుకున్నాను, ఇవాళ చెబుతున్నాను.

సరే, పని చూడు. మనూళ్లో ఇల్లు జరిపే పద్ధతి నీకు తెలియనిది కాదు, బోస్టన్ నీళ్లు పడి మర్చిపోయావు. జరిపించేవాళ్లు ఉత్తి చేతులతో గడప గడపకీ వెళ్లి "ఒక చెయ్యి వేస్తావా" అని అడగాలి. కూలి మాట ఎత్తకూడదు. వచ్చినవాళ్లకి సొంత చేత్తో చిక్కుడు గింజలు వండి పెట్టాలి. మంచు మీద అందరికంటే ముందు నువ్వు నడవాలి. నువ్వు అడుగు పెట్టని చోట ఇంకొకరి చేత అడుగు పెట్టించకూడదు. అంతే.

గింజలకి: ఉప్పు పట్టించిన పంది కొవ్వు, మొలాసిస్ పాకం, కాస్త ఆవపొడి, ఒక ఉల్లిపాయ. మట్టికుండలో వేసి మూతపెట్టి, సన్న సెగన పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంచు. తొందరపడకు. ఆ పని నీకు చేతకాదు కనుక మళ్లీ చెబుతున్నాను, తొందరపడకు.

నాన్న గడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఊరివాళ్లు.

ఫీనా


పెన్నిమన్ కోవ్
ఫిబ్రవరి 13

ఫీనా,

ఆ కోడి మాట చదివి రెండు రోజులు గది దాటి రాలేదు. దాని గురించి ఇప్పుడు రాస్తే కాగితం తడిసిపోతుంది. నిన్ను చూసినప్పుడు చెబుతాను.

అడిగానే! గడప గడపకీ వెళ్లి అడిగాను! ఉత్తి చేతులంటే నిజంగా ఉత్తి చేతులనుకుని చేతిసంచీ కూడా హల్డా దగ్గర వదిలేసి వెళ్లాను. మొదట ఏసా ఇంటికే. తలుపు బెత్తెడు తీశాడు.

"ఏం గస్సీ, ఇంకో తొట్టి ఇస్తావా?"

"ఇవ్వడానికి రాలేదు. అడగడానికి వచ్చాను."

"ఏంటీ? ఈ చెవి సరిగ్గా వినపడదు."

"తప్పయిపోయింది ఏసా. మీ గడిని మిమ్మల్ని అడక్కుండా ముట్టుకున్నాను."

"ఊఁ. ఇంకా?"

"మందిరాన్ని దాటించాలి. ఒక చెయ్యి వేస్తావా?"

"గట్టిగా చెప్పు."

"ఒక చెయ్యి వేస్తావా అంటున్నాను!" అని అరిచాను. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి! వాడికి రెండు చెవులూ శుభ్రంగా వినపడతాయని తర్వాత హల్డా చెప్పింది, నవ్వలేక చస్తూ.

"వస్తాను. కానీ మా గడి మేమే మోసుకెళ్లి పెట్టుకుంటాం. నీ దుప్పట్లు నువ్వు తీసుకో" అన్నాడు.

అన్ని ఇళ్లూ అంత సుళువు కాలేదులే. సాయర్‌ల ఇంటికి మూడుసార్లు తిరిగాను. ఒకావిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి, మన నాన్న నలభై ఏళ్ల కిందట వాళ్లకి పడవ ఆలస్యంగా ఇచ్చిన సంగతి మొదట్నించీ చివరిదాకా చెప్పి, అప్పుడు సరేనంది. అడగడం ఇంత కష్టమని నాకెవరూ చెప్పలేదేమే? ఆసుపత్రి వార్డు కట్టించినప్పుడు కూడా ఇన్ని గడపలు ఎక్కలేదు. కానీ ఒక్కొక్కరు "వస్తాం" అంటుంటే, నా మొహం వెలిగిపోయి ఉంటుంది. దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

చివరికి హల్డా. ఇంతకాలంగా ఆవిడ ఇంట్లోనే తింటూ ఆవిడ్నే అడగలేదు! "నువ్వు కూడా వస్తావా హల్డా?" అన్నాను. "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా" అంది, గరిటె కింద పెట్టి.

ఇప్పుడు కష్టాలు విను. అలవాటు కోసం గింజలు వండాను. గులకరాళ్లు! "వీటిని తుపాకీలో దట్టిస్తే బాతులు రాలతాయి" అన్నాడు ఏసా. నేను చేసిన తప్పేమిటి? అంతకంటే పెద్ద కష్టం, ఏసా చెప్పిన ముహూర్తానికి వాన పడింది. మంచు మీద నీళ్లు నిలిచాయి. "ఏసా జోస్యమూ, మా పిల్లి జోస్యమూ ఒక్కటే" అని హల్డా ఊరంతా చాటుతోంది. మళ్లీ గట్టి చలి రావాలి. రాకపోతే ఇంతమందిని అడిగీ లాభం లేదు, మందిరం పొయ్యిలోకే. రోజూ పొద్దున్నే ఒడ్డుకి పరుగెత్తి మంచుని చూసుకుంటున్నాను.

ఆగస్టా


వూస్టర్
ఫిబ్రవరి 17

అక్కా,

గింజల్ని ముందురోజు నీళ్లలో నానబెట్టావా? లేదు కదూ! దేవుడా, అది కూడా రాయాలా? అరవై మూడేళ్లొచ్చాయి, పెద్ద పెద్ద సంఘాలకి అధ్యక్షురాలివి, గింజలు నానబెట్టాలని తెలియదు!

నీ ఉత్తరాలు భోజనాల బల్ల దగ్గర చదివి వినిపిస్తున్నాను, ఏమనుకోకు. "గట్టిగా చెప్పు" దగ్గర మిసెస్ లుండ్‌కి సూపు ముక్కులోకి ఎక్కింది. ఇప్పుడు అందరూ పొద్దున్నే కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టి చూస్తున్నారు, మేన్‌లో గడ్డకడుతోందా అని. మన మందిరం మొహం కూడా ఎరగని, స్వీడన్ నుంచి వచ్చిన ఈ మిల్లు పిల్లలు చలి కోసం మొక్కుకుంటున్నారు! బొగ్గు ఖర్చు నాదని ఒక్కరికీ దయ లేదు.

ఒక్కమాట. ఆ ప్రవాహం దగ్గర చూసుకో. ముందు నడవమన్నది నేనే, ఇప్పుడు నిద్రపట్టడం లేదు. నీకేమన్నా అయితే నేను ఎవరి మీద అలగను?

కాగానే ఉత్తరం రాయి. వెంటనే.

ఫీనా


పెన్నిమన్ కోవ్
మార్చి 4

ఫీనా, ఫీనా, ఫీనా!

దాటింది! మందిరం దాటింది! చేతులు బొబ్బలెక్కి కలం పట్టుకోవడం రావడం లేదు. అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో!

నాలుగు రోజులు చలి విరగబడింది. మీ స్వీడన్ పిల్లలకి నా ముద్దులు! ఏసా గొడ్డలి పట్టుకుని కోవ్ అంతా కన్నాలు పెట్టి చూసి, "రేపు" అన్నాడు. హల్డా ఈసారి పిల్లి మాట ఎత్తలేదు. నిన్న తెల్లవారేసరికి ఊరు ఊరంతా పాయింటు మీద ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మంచు లేచి ఒడ్డుతో సమానమవుతుంది కదా, ఆ వేళ చూసి మందిరాన్ని దించాం. మంచు ఒక్క మూలుగు మూలిగింది! రెండడుగులు వెనక్కి దూకాను. "అది దాని పలకరింపు, భయపడకు" అన్నాడు ఏసా. వాడి మొహం మాత్రం సున్నంలా ఉంది.

మంచులో నిలువు దుంగ పాతి, దానికి సాయర్‌ల గుర్రాన్ని కట్టారు. దాని పేరు జడ్జి. అది గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంటే తాడు చుట్టుకుంటూ మందిరం జానెడు జానెడు కదిలింది. తాడు అయిపోగానే దుంగ పీకి, ముందుకి తీసుకెళ్లి మళ్లీ పాతడం. నేను అందరికంటే ముందు, కర్ర ఒకటి పట్టుకుని నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే ఏమనిపించిందో తెలుసా? మన మందిరం, కిటికీల్లో ఎండ మెరుస్తుండగా, తెల్లటి కోవ్ మీద నా వెంట నడిచి వస్తోంది! అరిచాను. ఏం అరిచానో తెలియదు. హల్డా కూడా అరిచింది.

ప్రవాహం దగ్గరికి వచ్చాం. దుంగ పీకడానికి ఆగామో లేదో, జారుబండి కింద నీళ్లు ఊరాయి. మంచు నల్లబడింది. టప్‌మని పగులు నా కాళ్ల మధ్యనించి పోయింది.

"గుర్రాన్ని విప్పండి!" అని అరిచాడు ఏసా. "ఇక్కడ ఆగితే మునిగామే! తాడు పట్టండి! ఆడా మగా అందరూ! ఎడం ఎడంగా! ఒకరి మీద ఒకరు పడకండి!"

పొడుగు తాడు పరిచారు. ఎవరు ఎక్కడ పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు ఫీనా. గడుల వరుసలోనే నిలబడ్డారు! బీల్‌లు వాళ్ల గడి ఉండే చోట, సాయర్‌లు వాళ్ల చోట, ఆ పడవ ఆవిడ తన చోట. అందరికంటే ముందు చోటు ఖాళీగా ఉంది. నాన్నది.

"గస్సీ, మీ చోటు!" అంది హల్డా.

"అది నాది కాదు, ఫీనాది!"

"అయితే ఫీనా కోసం పట్టుకో! తర్వాత తన చేత తిట్లు తిందువుగాని!"

పట్టుకున్నాను. చేతితొడుగులు ఎప్పుడు పారేశానో తెలియదు. ఏసా "హైలెస్సా" అంటే అందరం లాగాం. కదల్లేదు. నీళ్లు బూట్లలోకి వచ్చాయి. ఇంకోసారి. నా వెనక ఒకావిడ ఏడుస్తూ లాగుతోంది, ఎవరో తిడుతూ లాగుతున్నారు. ఈ కట్టడం మునిగితే దానితోపాటు నేనూ పోతాననే అనుకున్నాను. వదిలెయ్యాలని మాత్రం అనిపించలేదు, ఒట్టు. మూడోసారి కదిలింది! ఒకసారి కదిలాక మేమెవరం ఆగలేదు, పరుగు! ముసలాళ్లం అందరం పరుగే! మా వెనక మంచు కిందికి కుంగి, నీళ్లు చిమ్మి, మళ్లీ పైకి లేచింది. గట్టి మంచు మీదికి రాగానే అందరం ఎక్కడివాళ్లం అక్కడే కూలబడ్డాం. ఏసా నా పక్కన వెల్లకిలా పడుకుని, "ఏం గస్సీ, ఈసారి నా అరుపు నీకు సరిగ్గా వినపడిందా?" అన్నాడు. నేను నవ్వీ నవ్వీ ఏడ్చాను.

మళ్లీ సాయంత్రం పోటు వచ్చేదాకా ఒడ్డెక్కించడానికి లేదు. అక్కడే కోవ్ మీద, మందిరానికి దూరదూరంగా కూర్చుని నా చిక్కుడు గింజలు తిన్నాం. నానబెట్టాను! ఏసా మూడుసార్లు పెట్టించుకున్నాడు. "బాతులు బతికిపోయాయి" అన్నాడు. పొద్దుగూకే వేళ పోటుతోపాటు మందిరం ఊరి ఒడ్డెక్కింది. క్రోనిన్ వెళ్లేముందే వేయించి పెట్టిన రాతి పునాది మీద కూర్చున్నాక ఎవరో లోపల దీపం పెట్టారు. ఊరంతా అలా చూస్తూ నిలబడిపోయింది.

ఇవాళ పొద్దున్నించి గడులు వస్తున్నాయి. ఎవరిది వాళ్లే మోసుకొస్తున్నారు. ఏసా తన తలుపుకి గడియ బిగించి, తట్టమన్నాడు నన్ను. తట్టాను. "రా లోపలికి" అన్నాడు. వెళ్లి కూర్చున్నాను.

ఇప్పటికి అన్నీ వచ్చాయి. ముందు వరుసలో కిటికీ పక్కన మాత్రం ఖాళీ నేల. నాన్న గడి కొట్టంలోనే ఉంది. బిగించేద్దామా అని ఏసా అడిగాడు, వద్దన్నాను. దాని మీద వేలు కూడా వేయలేదు ఫీనా. ముందు నిన్ను అడగాలి. దాన్ని లోపలికి తేవచ్చా? వద్దంటే ఆ చోటు అలాగే ఉంటుంది, నేనేమీ అనను.

ఇంకోటి కూడా అడగాలి. నాకు నీ చేతి కోడి తినాలని ఉంది. పెడతావా?

నీ అక్క
గస్సీ


వూస్టర్
మార్చి 8

అక్కా,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర మొదలుపెట్టాను. "మూడోసారి కదిలింది" దగ్గర అందరూ లేచి బల్ల బాదారు, నా మంచి గిన్నె ఒకటి పగిలింది. ఆ తర్వాత నాన్న చోటు ఖాళీ అన్న దగ్గరికి మళ్లీ వెళ్లి చదవమన్నారు. నేను కాగితాలు బల్ల మీద పెట్టేశాను. మిసెస్ లుండ్ తీసుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో తడుముకుంటూ చదివింది.

చివరి పేజీ మాత్రం వాళ్లకి చదవలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి నేను చదువుకున్నాను, చాలాసార్లు.

నీకో నిజం చెప్పాలి. కోటు మిసెస్ లుండ్‌కి ఇవ్వలేదు. అబద్ధం చెప్పాను. పెట్టెలో దాచుకున్నాను. తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు వేసుకుని చూసుకున్నాను కూడా, దొరసానిలా ఉన్నాను. నీకు తెలిస్తే నువ్వు గెలిచినట్టవుతుందని చెప్పలేదు. ఎంత మొండిదాన్నో చూడు.

ఇక విను. నాన్న గడిని ముట్టుకోకు. దుప్పటి కూడా విప్పకు. ఏసాని అసలు దగ్గరికి రానీయకు. శనివారం రైలుకి నేను వస్తున్నాను. ఇల్లు మిసెస్ లుండ్ చూసుకుంటానంది, పదకొండు మందీ నన్ను స్టేషనుకి సాగనంపుతారట, ఊరేగింపులా. కోటు వేసుకునే వస్తాను. దారిలో తినడానికి ఏమీ తెచ్చుకోను, నా దగ్గర ఏ బుట్టా ఉండదు. ఆకలితో దిగుతాను కనుక గింజలు నానబెట్టి ఉంచు. ఆదివారం హల్డా పొయ్యి మీద నేను కోడి వండుతాను, నువ్వు ఎముకలు కూడా మిగల్చకూడదు.

ఆ గడి నాదే. ఎవరికీ ఇవ్వను, నీకు కూడా. కానీ అది ఒక్కరు మోసేది కాదు. ఒక కొస నేను పట్టుకుంటాను.

అక్కా, రెండో కొసకి ఒక చెయ్యి వేస్తావా?

నీ చెల్లి
ఫీనా